ముఖము చూచి వేషమిచ్చుట

ధ్యానమునకు: 1 సమూయేలు 16:1–13; లూకా 1:26–38; యాకోబు 2:1–9



క్రిస్మసు నాటకమునకు వేషములు పంచు కాలము మరల వచ్చుచున్నది. మన పల్లె సంఘములలో పిల్లలు వరికోతలు ముగియకముందే, "అయ్యగారూ, ఈసారి నాకేం వేషం?" అని అడుగుట మొదలు పెట్టుదురు. పెద్దలకు ఇది వేడుక, పిల్లలకు మాత్రము ఇది తీర్పు. సంఘము తన్ను ఎట్లు చూచుచున్నదో పసివాడు మొట్టమొదట తెలిసికొనునది బహుశః ఆ దినముననే. అందువలన ఈ నెల ధ్యానమును ఈ చిన్న విషయము మీదనే వ్రాయుచున్నాను. వ్రాయుటకు ముందు నా తప్పును ఒప్పుకొనవలసియున్నది.

వేంసూరు ప్రాంతములోని మా సంఘములో ఇరువది యేండ్లకు పైగా వేషములు పంచినవాడను నేనే. నా పద్ధతి ఏమనగా, మరియమ్మ వేషము ఎఱ్ఱగా బుఱ్ఱగా ఉన్న పిల్లకు ఇచ్చెడివాడను. ఆ పిల్ల సాధారణముగా సంఘపెద్దల ఇంటిదై యుండును. పట్టుచీర ఆమె ఇంటినుండియే వచ్చును. గబ్రియేలు దూతకు అందరికంటె తెల్లని పిల్ల. గొఱ్ఱెల కాపరులకు కూలివారి పిల్లలు. వారికి వేరుగా వేషము వేయనక్కరలేదు, ఇంట గొంగళి యుండును గదా అనుకొంటిని. హేరోదును ప్రేరేపించు సాతానుకు మాత్రము అందరికంటె నల్లని పిల్లవాడు. ఒక బాలుడు మూడేండ్లు వరుసగా ఆ వేషము వేసెను. నాటకము ఒక రాత్రి. బడిలో తోటిపిల్లలు వానిని "సైతానూ" అని పిలిచినది ఎన్నో యేండ్లు. ఆ పేరు వానికి పెట్టినది బడిపిల్లలు కాదు, నేనే.

గడచిన క్రిస్మసుకు మా సంఘపు యౌవనస్థుడొకడు సెలవులకు ఇంటికి వచ్చెను. హైదరాబాదులో నాటక విద్య చదువుకొనుచున్నాడు. "ఈ యేడు దర్శకత్వము నాకు ఇవ్వండి, అయ్యగారూ" అనగా సంతోషముతో ఇచ్చితిని. మూడవ దినమున అతడు వ్రాసిన పట్టీ చూచి పెద్దలొకరు నా యింటికి వచ్చిరి.

"అయ్యగారూ, మరియమ్మ వేషం గూడెంపిల్లకు ఇచ్చాడండి! పటాల్లో మరియమ్మను మనం చూడలేదా? చూసేవాళ్లు నవ్వరా?"

అశ్వారావుపేట వైపునుండి వచ్చి పామాయిలు తోటలలో గెలలు కోయు ఒక కోయ కుటుంబము మా సంఘములో ఉన్నది. ఆ పిల్ల వారిది. నేను ఆ యువకుని పిలిపించి అడుగగా అతడు వెరువక, "నల్లగా ఉన్నదనే ఇచ్చాను, అయ్యగారూ. ఇన్నేళ్లు తెల్లవాళ్లకు ఇచ్చారు కదా" అనెను.

వారిద్దరి మాటలును నాకు ఆ రాత్రి నిద్ర పట్టనీయలేదు. దీపమువద్ద యాకోబు పత్రిక తెరచితిని.

వేదాంత పాఠశాలలో మా గురువులు నేర్పిన రెండు గ్రీకు మాటలు అప్పుడు జ్ఞాపకము వచ్చెను. రెండును నాటకశాలకు సంబంధించినవే. మొదటిది హుపొక్రితేస్. గ్రీకువారు రంగస్థలముమీద వేషము వేయువానిని ఆ పేరుతో పిలిచిరి. మన ప్రభువు పరిసయ్యులను గద్దించుచు వాడిన మాట సువార్తలలో ఇదియే. మన తెలుగు బైబిలు అనువాదకులు దానిని "వేషధారులు" అని సరిగా పట్టుకొనిరి. రెండవది ప్రొసోపోన్, అనగా ముఖము. నటుడు ధరించు ముఖపు తొడుగుకును గ్రీకువారు అదే మాట వాడిరి. "ముఖమును అంగీకరించుట" అనునట్టి మాటను యాకోబు తన పత్రికలో పక్షపాతమునకు వాడెను. దానికి మన బైబిలులోనున్న తెలుగు మాట మోమాటము. మోము ఆ మాటలోనే యున్నది. తెలుగువాడు మొగము చూచి వెనుకంజ వేయుటయు, మొగము చూచి పెద్దపీట వేయుటయు ఆ ఒక్క మాటలోనే ఇమిడియున్నవి.

కాబట్టి వేషము వేయుట పాపమా అని మనము అడుగుచుండగా, వాక్యము మనలను మరియొక ప్రశ్న అడుగుచున్నది: వేషమును పంచినవాడు ముఖమును చూచెనా? నటుడు వేదికమీద వేషము ధరించునని అందరికి తెలియును, అతడు ఎవరిని మోసగించుటలేదు. మోమాటముతో పంచినవాడు మాత్రము భక్తి అను తొడుగు క్రింద తన మనస్సును దాచుకొనును. మా నాటకమందు నిజమైన వేషధారిని నేనే.

ఇక మన తెలుగు రంగస్థలము ఈ విషయమందు ఏమి నేర్పుచున్నదో చూతము. ఈ తగవు మనకు క్రొత్తది కాదు. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారు పురుషుడైయుండి స్త్రీ పాత్రలను ధరించి దేశమంతట కీర్తి పొందిరి. హరిశ్చంద్ర నాటకములో చంద్రమతి వేషధారి రాకపోగా ఆ లోటు తీర్చుటకై వేదిక ఎక్కినవారు, తరువాత శ్రీకృష్ణ తులాభారములో సత్యభామగా లక్షలమంది హృదయములలో నిలిచిరి. భారత ప్రభుత్వము 1956లో వారికి పద్మశ్రీ బిరుదు నిచ్చెను. ఆయన నటనను బట్టి మనము నేర్చుకొనునది ఇది: పాత్రకు పుట్టుకతో వచ్చిన ముఖము అవసరములేదు. నడక, మాట, చూపు, సాధన, వీటితో మనుష్యుడు తనకు దూరమైన మరియొకరి బాధలో ప్రవేశింపగలడు. మరియమ్మ ఎఱ్ఱగా ఉండవలెనను పెద్దలకు ఆయన జీవితమే జవాబు. మీసములు తీసివేసిన పురుషుని సత్యభామగా అంగీకరించిన తెలుగువారు, నల్లని పిల్లను మరియగా అంగీకరింపలేరా?

కాని ఇదే కథకు మరియొక పార్శ్వము గలదు. స్థానంవారి కళ ఎంత గొప్పదైనను, ఆ కాలమున గౌరవనీయులైన కుటుంబముల స్త్రీలకు వేదిక మూయబడియుండెను. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున కీచకవధతో మొదలైన సురభి కుటుంబముల నాటకములలో మాత్రము ఇంటి ఆడవారే ఆడ వేషములు వేసిరి. ఆ కుటుంబములనుండి వచ్చిన కమలాబాయిగారే 1932లో మొదటి తెలుగు మాటల చిత్రమైన భక్తప్రహ్లాదలో లీలావతి. బళ్లారి రాఘవగారు (1880–1946) న్యాయవాదిగా నుండి నటులైనవారు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించవలెనని పట్టుపట్టి, చదువుకొన్న కుటుంబ స్త్రీలను తనతోకూడ వేదిక ఎక్కించి, లోకనిందను భరించిరి. రాఘవగారి ప్రశ్న ఇట్టిది: ఒకని సామర్థ్యమును మెచ్చుకొనుడి, మంచిదే, కాని వాకిట నిలువబడినవారికి తలుపు ఎందుకు తీయరు?

ఈ రెండు సాక్ష్యములు ఒకదానినొకటి ఖండించునట్లు కనబడును. ఎవరైనను ఏ పాత్రనైనను ధరింపవచ్చునని మొదటిది, మూయబడినవారికి స్థలమియ్యవలెనని రెండవది. నిదానించి చూచినచో రెండును ఒకే శత్రువుతో పోరాడుచున్నవి. ముఖము చూచి ముందే తీర్పు తీర్చుటయే ఆ శత్రువు.

మన క్రైస్తవ కవి గుఱ్ఱం జాషువాగారిని (1895–1971) ఇక్కడ తలంపక మానలేము. వారి క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. వారు శ్మశానమును గూర్చి వ్రాసిన పద్యములను హరిశ్చంద్ర నాటకములో కాటి రంగమున నటులు పాడగా ఊరూర జనులు మరల మరల పాడించుకొనిరి. రాజైన హరిశ్చంద్రుడు కాటికాపరియైన ఆ రంగములో కన్నీరు విడువనివారు లేరు. అయినను ఆ పద్యములను వ్రాసిన కవి తన జన్మనుబట్టి సభలలో అవమానములను అనుభవించెను. పద్యము వేదిక ఎక్కినది. కవిని గడపవద్ద ఆపిరి. వేషముగా నున్న కాటికాపరికి కన్నీరు, నిజముగా నున్నవానికి దూరము! ఇది మన దేశపు సంగతి.

సముద్రములకు ఆవలను ఇట్టిదే జరిగెను. అమెరికా నాటకములలో పేరుపొందిన "గ్రీన్ పాస్చర్స్" (పచ్చిక పట్టులు అని చెప్పవచ్చును) న్యూయార్కులో 1930 ఫిబ్రవరిలో మొదటిసారి ప్రదర్శింపబడి, ఆ యేట పులిట్జరు బహుమానము పొందెను. వ్రాసినవాడు మార్క్ కానెలీ అను తెల్లజాతివాడు. దక్షిణ రాష్ట్రమందలి పల్లెలో ఒక నల్లజాతి బోధకుడు ఆదివారపు బడి పిల్లలకు పాత నిబంధన కథలు చెప్పుచుండగా, ఆ పిల్లలు తమ ఊరి మనుష్యుల రూపములలోనే ఆదామును, నోవహును, మోషేను ఊహించుకొందురు. పరలోకమున చేపలు వేయించుకొని విందు చేసికొందురు. దేవుడు కూడ నల్లకోటు తొడిగిన పల్లె బోధకునివలె కనబడును. నటులందరు నల్లజాతివారే.

ఆ దేవుని పాత్రను ధరించినవాడు రిచర్డ్ హారిసన్. దాసత్వమునుండి తప్పించుకొని కెనడాకు పారిపోయిన తల్లిదండ్రులకు 1864లో పుట్టినవాడు. ఊరూర తిరిగి షేక్‌స్పియరు నాటక భాగములను చదివి వినిపించుచు జీవించెను. అరువదియైదేండ్లు దాటిన తరువాతనే న్యూయార్కు పెద్ద వేదిక అతనికి తెరువబడెను. 1935లో మరణించువరకు పదునారు వందల సార్లకు పైగా ఆ పాత్రను ధరించెను. తండ్రి తల్లి సంతలో అమ్మబడదగిన సరుకుగా ఎంచబడిన చోట, కుమారుడు సృష్టికర్త పాత్రలో నిలువబడెను.

దైవజ్ఞానమునుబట్టి చూచినచో ఈ నాటకమందు లోపములున్నవి. దేవుని వేదికమీద చూపుట తగదని ఇంగ్లండులో అధికారులు దాని ప్రదర్శనకు అనుమతి ఇయ్యలేదు. ఆ భయము పూర్తిగా తీసివేయదగినది కాదు. నాటకము చివరి భాగములో దేవుడు మనుష్యుల శ్రమనుచూచి కరుణను నేర్చుకొన్నట్లు చూపుదురు. దేవుని కరుణ ఆదినుండి ఉన్నదేగాని నేర్చుకొనబడినది కాదు. మరియు తెల్లవాడొకడు నల్లవారి భక్తిని పసిపిల్లల ఆటవలె చిత్రించెనని నల్లజాతి పండితులలో కొందరు నొచ్చుకొనిరి. ఆ నొప్పి న్యాయమైనదే. అయినను, శ్రమపడువారు శ్రమపడు దేవుని ముందుగా గుర్తుపట్టుదురను సత్యమును ఆ నాటకము తాకినది.

అసలు సంగతి వేదిక క్రింద జరిగినది. 1933లో ఆ నాటకము వాషింగ్టను పట్టణమునకు వచ్చినప్పుడు, అక్కడి నాటకశాల సామాన్య ప్రదర్శనలకు నల్లజాతివారిని ప్రేక్షకులుగా రానీయలేదు. ఆలోచించుడి, సహోదరులారా! నల్లవాడు దేవుడుగా వేదికమీద నిలువవచ్చును. అతని సహోదరి టిక్కెట్టు కొని కుర్చీలో కూర్చుండరాదు. పాత్ర పంపకము మారెను, పీట పంపకము మారలేదు.

ఇవన్నియు ఆ యువకునితో చెప్పితిని. అతడు శ్రద్ధగా వినెను. అప్పుడు నేను, "నాయనా, తెల్లగా ఉన్నదని ఇచ్చుట మోమాటమైతే, నల్లగా ఉన్నదని ఇచ్చుటయు మోమాటమే. నీవును ముఖమునే చూచితివి. ఆ పిల్ల ఎట్లు మాటలాడునో విన్నావా?" అని అడిగితిని. అతడు కొంతసేపు ఊరకుండి, "లేదండి" అనెను. సమూయేలు ఏలీయాబు ఎత్తును చూచి మోసపోయెను, నిజమే. కాని దావీదు చక్కనివాడని అదే అధ్యాయము చెప్పుచున్నది. దేవుడు అందమును శిక్షింపలేదు, దానిని ఆధారముగా తీసికొనలేదు. మరియు ఒక పిల్లను పెద్దలకు బుద్ధి చెప్పుటకు సాధనముగా వేదికపై నిలుపుట ఆమెకు మేలుచేయుట కాదు. పాఠము పెద్దలకు, నవ్వుల బాధ ఆమెకు.

ఆ యువకుడు తెలివిగలవాడు. మరునాడు దేవాలయములో, వీధి భాగవతులు పట్టించునట్లు, ఇద్దరిచేత ఒక దుప్పటిని తెరగా పట్టించెను. పదునొకండుగురు బాలికలు ఒకరి తరువాత ఒకరు తెర వెనుక నిలిచి గబ్రియేలు శుభవచనమును, మరియ ప్రత్యుత్తరమును పలికిరి. పెద్దలమైన మేము తెర ఇవతల కూర్చుండి అంకెలు వేసితిమి. చిన్న సంఘము గనుక కొన్ని గొంతులను గుర్తుపట్టితిమి; అట్లు కాదని చెప్పను. అయినను ముఖము కనబడనప్పుడు చెవి తన పని తాను నమ్మకముగా చేయును.

మరియ వేషము పెద్దల ఇంటి పిల్లకు రాలేదు, గూడెము పిల్లకును రాలేదు. ప్రతి ఆదివారము చాపలు పఱచి, ఆరాధన ముగిసిన తరువాత వాటిని చుట్టిపెట్టు ఒక విధవరాలి కుమార్తెకు వచ్చెను. నేను ఇన్నేండ్లుగా ఆ పిల్ల చాపలను చూచితిని, ఆ పిల్లను చూడలేదు. నేను ప్రభువు దాసురాలనను భావమును ఆమె పలికినప్పుడు అది ఆమెకు అరువు మాటవలె లేదు. కోయ బాలిక గొంతు బలమైనది, దూరమునకు వినబడునది. పొలములకు ఆవలనున్న తండ్రిని కేకవేసి పిలుచు గొంతు. దేవుని కబురు తెచ్చువానికి అట్టి గొంతే తగునని పెద్దలందరు ఒప్పుకొనిరి. అట్లు ఆ పిల్ల గబ్రియేలాయెను. "దూత నలుపేమిటి?" అని ఎవరో గొణిగిరి. లూకా సువార్తను తెరచి గబ్రియేలు రంగు ఎక్కడ వ్రాయబడినదో చూపుమని నేనంటిని. పెద్దల కుమార్తె ఆ యేడు సత్రపువాని భార్యగా, స్థలము లేదని తలుపు వేసి, తరువాత పశ్చాత్తాపపడి కంబళి తెచ్చియిచ్చు పాత్రను ధరించి అందరిని ఏడిపించెను. అంత నటన ఆమెలో ఉన్నదని, పట్టుచీర కట్టి ఊరక నిలువబెట్టిన నాకు ఎట్లు తెలియును?

నాటకముగా అది మేము ఆడినవాటిలో మిన్న. దీపములు రెండుసార్లు ఆరినవి, జ్ఞానులలో ఒకడు మాట మరచిపోయెను, అవి లెక్కకురావు. గబ్రియేలు భయపడకుమని చెప్పినప్పుడు వెనుక వరుసలో నిద్రించుచున్న పిల్లలు కూడ లేచి కూర్చుండిరి.

ఇక్కడితో ఈ వ్యాసమును ముగించినయెడల మీరును నేనును సంతోషముతో ఇంటికి పోవుదుము. కాని సత్యము చెప్పవలెను.

మరునాడు పండుగ ఆరాధన తరువాత ప్రేమవిందు జరిగెను. మొదటి బంతిలో పెద్దలతోకూడ నాకు విస్తరి వేసిరి. సగము తినిన తరువాత తల యెత్తి చూచితిని. చింతచెట్టు క్రింద, ఎప్పటివలెనే, గూడెమునుండి వచ్చిన కుటుంబము వేరుగా నిలిచి తమ వంతుకొరకు కనిపెట్టుచుండెను. వారిని ఎవరును వెళ్లగొట్టలేదు, ఎవరును పిలువను లేదు. రాత్రి గబ్రియేలుగా నిలిచిన పిల్ల తన తమ్ముని చంకనెత్తుకొని యుండెను. పరలోకపు కబురు మాకు తెచ్చిన దూత కడపటి బంతిలో కూర్చుండెను. నేను చూచితిని, లేవలేదు. విస్తరి ముందునుండి లేచినయెడల పెద్దలు ఏమనుకొందురో అని మోమాటపడితిని.

వాషింగ్టను నాటకశాలను తీర్పుతీర్చిన నేను అక్కడ కూర్చుండి అన్నము తినుచుంటిని. ఈ వ్యాసము వ్రాయుటకు కారణము అదియే.

ప్రియులారా, వేషములు సరిగా పంచుట మంచి ప్రారంభము. దానిని తక్కువ చేయను. "సైతాను" అని పిలువబడిన బాలుడు ఒక్కసారి యోసేపుగా నిలిచియుండినయెడల వాని బాల్యము వేరుగా నుండెడిది. కాని వేదికమీద ఒక రాత్రి ఇచ్చిన గౌరవమును బంతిలో, బల్లవద్ద, పెండ్లి సంబంధములలో, సంఘ కమిటీలో ఇయ్యకపోయినయెడల ఆ గౌరవమే మన ముఖమునకు తొడుగగును. అప్పుడు సంఘమంతయు వేషధారియగును.

మన ప్రభువు దాసుని స్వరూపమును ధరించెను. ఎవరును కోరని పాత్రను ఆయన తీసికొనెను. పశువుల తొట్టిలో మొదలై సిలువపై ముగిసిన పాత్ర అది. కాని అది వేషము కాదు. నాటకము ముగియగానే నటుడు రంగు కడుగుకొని తన బట్టలు కట్టుకొనును. ఆయన పునరుత్థానుడై లేచిన తరువాతను గాయములు ఆయన చేతులలో నుండెను. తోమా వాటిని చూచెను. ఆయన మన శరీరమును తీసివేయలేదు. దాసుడుగా వేదిక ఎక్కినవాడు దాసులతోకూడ బల్లయొద్ద కూర్చుండెను.

కాబట్టి ఈ యేడు వేషములు పంచు కాపరులకును, ఆదివారపు బడి ఉపాధ్యాయులకును నా మనవి ఇది. ముందుగా కన్నులు మూసికొని వినుడి. తరువాత కన్నులు తెరచి, ఇన్నేండ్లు ఎవరిని చూడలేదో చూడుడి. కడపట, నాటకము ముగిసిన మరునాడు ఎవరు ఎక్కడ కూర్చుండిరో లెక్కింపుడి. విందులో కడపటి చోట కూర్చుండుమని ప్రభువు చెప్పిన మాట మనకు తెలియును. లూకా పదునాలుగవ అధ్యాయమున ఉన్నది. ఈ క్రిస్మసుకు మొదటి బంతిలో నేను వడ్డింతును, కడపటి బంతిలో కూర్చుందును. మా పెద్దలతో చెప్పితిని. ఇద్దరు నాతో కూర్చుండెదమని ఒప్పుకొనిరి. మిగిలినవారికొరకు ప్రార్థించుడి, నాకొరకును ప్రార్థించుడి, ఏలయనగా మోమాటము ముదిమిలో త్వరగా విడువదు.

ముఖమును లక్ష్యపెట్టని దేవుడు మన ముఖములను తన వెలుగుతో ప్రకాశింపజేయును గాక. ఆమేన్.